కొలవకుండా అమ్మే సెంటీమీటర్లు

మహారాష్ట్రలోని భివండీలో వరాలా తలావ్ పరిసరాల్లోని కామత్‌ఘర్, పద్మానగర్ బస్తీలలో, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చి సాంచాలు నడుపుతున్న పద్మశాలీలకు కొలత విలువ ఒకరు నేర్పనక్కరలేదు. నేసిన తానును సేఠ్ గుమాస్తా కొలిచి, పోగు తెగిన చోట వేలు పెట్టి చూపి, డ్యామేజీ కింద కొంత కోసుకున్నాకే మీటరు లెక్కన కూలి చేతికి వస్తుంది. అదే కార్మికునికి పురుషాంగాన్ని పొడిగించే యంత్రాన్ని అంటగట్టే మహానుభావుడు మాత్రం స్కేలు ఊసెత్తకముందే పైకం పుచ్చుకుంటాడు.

ఆ యంత్రం వట్టి బూటకమైతే వెక్కిరించడం ఇంకా తేలికయ్యేది. ట్రాక్షన్ పరికరమంటే అంగం మొదట ఒక రింగు, కొస వెనుక ఒక పట్టీ, రెంటినీ దూరంగా నెట్టే స్ప్రింగు కడ్డీలు. కణజాలాన్ని నిదానంగా, చాలాకాలం లాగిపట్టి ఉంచితే అది కొంత సాగుతుందన్నది సూత్రం. దాని అసలు చోటు పెరోనీ వ్యాధి చికిత్సలో ఉంది: ఫ్రాన్సు రాజు 15వ లూయీ ఆస్థాన శస్త్రవైద్యుడు లా పెరోనీ 1743లో వర్ణించిన ఈ జబ్బులో అంగం లోపలి పొరలో మచ్చ గట్టిపడి, ఉద్రేకవేళ వంకర తిరుగుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 110 మంది రోగులపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో, రోజుకు 30 నుంచి 90 నిమిషాల చొప్పున మూడు నెలలు వాడినవారికి పొడవు సగటున ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగింది, వంపు పన్నెండు డిగ్రీల దాకా తగ్గింది. ప్రకటనకర్త రోగి సంగతి మింగేసి, సెంటీమీటర్లను అంగుళాలుగా మార్చి, వంకరే లేనివాడికి అమ్ముతాడు.

జబ్బు లేకుండా పొడవు కోరినవారిపై ఇటలీలో గొంటేరో బృందం చేసిన 2009 నాటి అధ్యయనంలో పట్టుమని పాతికమంది లేరు. రోజుకు కనీసం 4 గంటలు, 6 నెలలు తగిలించుకుంటే లాగి కొలిచిన పొడవు 1.7 సెంటీమీటర్లు పెరిగింది, లావు పెరగనే లేదు. పన్నెండు గంటల షిఫ్టు సాంచాల మధ్య నిలబడి, ఒకే గదిలో వంతులేసుకుని పడుకునే మనిషి ఆ నాలుగు గంటలు ఎక్కడ తెస్తాడో, పక్కవాడు లేపినప్పుడు ఆ కడ్డీలను ఏ దుప్పటి కింద దాస్తాడో ప్రకటన పోస్టరులో రాసి ఉండదు. అసలు ఈ కొరత ఎవరికి ఉందన్నది మరో ప్రశ్న: ఫ్లోరెన్సులో పొడవు పెంచమని వచ్చిన 67 మందిని కొలిచి చూస్తే నిజంగా పొట్టి అనదగినవాడు ఒక్కడూ లేడని 2002లో తేలింది, పదిహేను వేలమందికి పైగా పురుషుల కొలతలు క్రోడీకరించిన 2015 నాటి పరిశోధన ఉద్రేకవేళ సగటును 13 సెంటీమీటర్ల చిల్లరగా తేల్చింది. ఆ అంకె పోస్టరెక్కితే గిరాకీ సగం పడిపోతుంది కాబట్టి అది ఎక్కదు.

ఇది మందు కాదు, మెషీన్, కాబట్టి చట్టం తమకు వర్తించదని అమ్మకందారు ధీమా. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం మాత్రం, ఆహారం తప్ప, మానవ శరీర నిర్మాణాన్ని ప్రభావితం చేయడానికి ఉద్దేశించిన ఏ వస్తువునైనా మందుగానే లెక్కగట్టి, లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల దాకా జైలు. గొంటేరో రోగులు యంత్రం తగిలించుకున్న గడువూ సరిగ్గా అంతే గనుక, ప్రకటనకర్తను యంత్రంతో సహా లోపలికి పంపితే పరీక్షకు ఒక నమూనా ఉచితంగా దొరుకుతుంది.