కేలరీల కరణం

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసినప్పుడు ఊరూరా దస్తరాలు మూతపడ్డాయి. అడంగళ్లూ ఆవర్జాలూ కొత్త చేతుల్లోకి వెళ్లాయి. ఆ దెబ్బకు దొరక్కుండా ఒక్క కరణం మాత్రం మిగిలిపోయాడు. ఆయనకు పొలాలతో పని లేదు, పనంతా విస్తళ్లతోనే. తక్కిన రోజుల్లో జనంలో కలిసిపోయి ఉంటాడు గనుక ఆనవాలు పట్టలేం గానీ, సంక్రాంతి పంక్తిలో ఇట్టే దొరికిపోతాడు. ఔపోశన పట్టేవాళ్లు ఔపోశన పడతారు, ఈయన ఫోన్ పడతాడు. ఒక బూరె తిని, రెండోది సగం కొరికి, మిగిలిన సగాన్ని వెలుతురుకేసి తిప్పి చూసి, "ఇదొక్కటే నూట యాభై అండీ" అని ప్రకటిస్తాడు. నూట యాభై రూపాయలో, గ్రాములో, పాపాలో తెలియక పంక్తి చివరి పెద్దాయన కంగారుపడతాడు. ఇలాంటివాణ్ణి చూసి కొందరు రుచి తెలియని మొద్దు అనుకుంటారు, ఇంకొందరు నోరు కట్టుకోగలిగిన యోగి అనుకుంటారు. నాకు రెండూ అన్యాయంగానే తోస్తాయి. ఆయన నిఖార్సయిన భోజనప్రియుడు. ముద్దపప్పులో మనం ఆవకాయ నంజుకున్నట్టు ఆయన కేలరీ నంజుకుంటాడు. ఒకే బూరెను నాలుకతో ఒకసారి, అంకెతో ఇంకోసారి తినగల అదృష్టవంతుడు. సాక్ష్యం ఎక్కడో వెతకనక్కర్లేదు. ఆయన ఏది లెక్కిస్తాడు, ఎవరిది లెక్కిస్తాడు, చిట్టా ఎప్పుడు కట్టేస్తాడు అన్నవి గమనిస్తే చాలు.

ముందు చిట్టా సంగతి. ఆయన ఫోన్‌లోని యాప్ ఏ దూరదేశంలోనో పుట్టింది, దానికి గారె తెలీదు. పేరు లేని పద్దు కరణానికి నిద్ర పట్టనివ్వదు గనుక, మధ్యలో చిల్లుందన్న ఒకే ఒక్క ఆధారంతో గారెను డోనట్ పేరిట రిజిస్టరు చేస్తాడు. గోంగూర పాలకూర అవుతుంది. తెల్లారకుండా లేచి చింతపండు పులుసు కాచిన ఇల్లాలి పులిహోర 'లెమన్ రైస్' ఖాతాలో పడుతుంది. సకినాలకు ఏ పేరూ కుదరక 'చిప్స్' అని రాస్తాడు. కరీంనగర్, వరంగల్ వాళ్ల చెవిన పడితే పరువునష్టం దావాకు తక్కువ కాదు. పూతరేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన దాతృత్వం పొంగుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకును "కాగితమేగా, ఏముంటుందిలెండి" అని నలభైకి కొట్టేస్తాడు. రేకు కాగితమంత పలచనే, కాదనలేం. మడతల్లో దాక్కున్న నెయ్యీ పంచదారా మాత్రం కాగితాలు కావు. ఇష్టమైన పదార్థానికి శిస్తు తగ్గించడం కరణాలకు కొత్తేమీ కాదు.

యాప్‌ను మరీ తిట్టనక్కర్లేదు, ఈ లెక్క పుట్టుకలోనే చిన్న తిరకాసు ఉంది. 1890లలో అమెరికాలోని కనెక్టికట్‌లో విల్బర్ ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త మనిషి పట్టే గది ఒకటి కట్టించి, అందులో ఒకరిని రోజుల తరబడి ఉంచి, లోపలికి పోయిన తిండినీ ఒంట్లోంచి వచ్చిన వేడినీ కొలిచాడు. పిండిపదార్థానికి గ్రాముకు 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అంటూ ఇవాళ లెక్కలేస్తున్నామంటే దానికి పునాది ఆయన పనే. ఆ గదిలో అన్ని పరికరాలూ ఉన్నాయి, నేతి గిన్నెతో నిలబడ్డ మేనత్త ఒక్కతే లేదు. మన దగ్గర ఇలాంటి పని చేసేది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చిన ఆ సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పట్టిక ప్రచురించింది. అందులో శనగపప్పు ఉంది, బెల్లం ఉంది, బియ్యం ఉంది, పూర్ణం బూరె లేదు. అది ముడిసరుకుల పట్టిక. బూరె లెక్కను బూరె చేసే చేతికి వదిలేసింది. ఆ చేతిని పట్టుకోవడమే కష్టం. అరిసెనే తీసుకోండి. 20 గ్రాముల బియ్యప్పిండి, 15 గ్రాముల బెల్లం, పీల్చుకున్న నూనె 6 గ్రాములు అనుకుంటే దాదాపు 180 కేలరీలు. అరిసెల చెక్కల మధ్య నొక్కే మనిషి కబుర్లలో పడి సరిగా నొక్కక, నూనె 10 గ్రాములు మిగిలిపోయిందంటే అదే అరిసె 215 దాటుతుంది. తూకం చూస్తే తేడా నాలుగు గ్రాములే. నేతి సంగతి ఇంకా ఘోరం. ఒక పెద్ద చెంచా నెయ్యి సుమారు 120. మేనత్త ధార మొదలుపెట్టగానే కరణం "చాలు చాలు" అంటాడు, చెయ్యి మాత్రం విస్తరికి అడ్డం పెట్టడు. ధార ఆగాక 'టీస్పూన్ ఒకటి' అని రాసుకుంటాడు. ఆయన లెక్కలోకి ఎక్కింది విస్తట్లో పడ్డ నెయ్యి కాదు, ఆయన వద్దన్న నెయ్యి.

సరే, ఆయన రాయని లెక్క మనమే రాద్దాం. కడుపు నిండా తిన్న ఓ మగమనిషి పండగ విస్తరి. అన్నం 300 గ్రాములకు 390, పప్పుకు వంద, రెండు పెద్ద చెంచాల నేతికి 240, పులిహోర 270, మూడు గారెలు 300, రెండు బూరెలు 300, ఒక అరిసె 180, పరమాన్నం 225, వంకాయ కూర 150, ముక్కల పులుసు 80, అప్పడాలూ వడియాలూ కలిపి వంద, పెరుగు 60, ఆవకాయ 40. వెరసి 2,400 పైచిలుకు. ఇది వంటింటి అంచనా, అటూ ఇటూ రెండు మూడు వందలు జారుతుంది. మనం కేలరీ అనేది కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించే శక్తి గనుక, ఈ విస్తరితో 20 లీటర్ల బకెట్లు ఆరింటిని 20 డిగ్రీల చలి నుంచి 40 డిగ్రీల వెచ్చదనానికి తేవచ్చు. భోగి నాడు ఆరుగురి తలంటికి సరిపడా వేన్నీళ్లన్నమాట! కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కావాలని పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అంటే ఒక్క పూటలో రోజంతటి తిండీ, దానిమీద ఇంకో మూడు గారెలూ. ఎక్కువే, సందేహం లేదు. ప్రళయం మాత్రం కాదు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చు పోగా దాదాపు 7,700 మిగలాలి. అంటే కరణంగారు ఆ ఒక్క రోజునే ఇలాంటి విస్తళ్లు నాలుగు ఖాళీ చేయాలి. అయినా మర్నాడు పొద్దున్నే ఆయన జమాబందీ పెడతాడు. తూకం యంత్రమెక్కి, కిలోన్నర పెరిగానని ఇల్లంతా దద్దరిల్లేలా చెబుతాడు. పెరిగినమాట నిజమే, సరుకే వేరు. ఆవకాయ ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు, కండరాల్లో దాచుకున్న పిండి, దానికి తోడు మూడింతల నీరు, ఇంకా ప్రయాణంలో ఉన్న పులిహోర. నాలుగు రోజులు మామూలు తిండి తింటే చాలావరకు దిగిపోతుంది. ఆ దిగినప్పటి అంకెను మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు. దిగిన బరువులో కథ లేదు మరి.

ఇక ఎవరిది లెక్కిస్తాడన్నది. కరణం గొలుసు ఎప్పుడూ పరాయి కమతం మీదే సాగుతుంది. "బావగారూ, అది నాలుగో గారె, నాలుగు వందలు" అని ఎదుటి విస్తరికి పైకి సవరిస్తాడు. తన విస్తరిలో చిల్లు కాస్త పెద్దగా ఉన్న గారెకు డెబ్భై వేస్తాడు. దీన్ని కపటమంటే తొందరపాటవుతుంది. 1992లో న్యూయార్క్ పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదనే కొందరి తిండిని శాస్త్రీయంగా కొలిచి చూస్తే, వాళ్లు తిన్నదాంట్లో దాదాపు సగం, సగటున 47 శాతం, లెక్కలో రాయలేదని తేలింది. వాళ్లేమీ అబద్ధాలకోరులు కారు. తన విస్తరి మీద చూపు మసకబారడం మానవ సహజం. అంకె పెద్దదైతే వినేవాళ్లకు ముచ్చట కూడా. అమెరికాలో థాంక్స్‌గివింగ్ విందంటే 4,500 కేలరీలన్న మాట ఏటా పండగ పిండివంటలా తిరిగొస్తుంది. ఆ లెక్క ఇచ్చింది తక్కువ కేలరీల ఆహారాలు తయారుచేసే కంపెనీల సంఘం. పంక్తిలో మజ్జిగ అమ్ముకునేవాడు పక్కవాడి పాయసం తూచినట్టుంది!

"ఎగతాళి బాగానే ఉంది, రకాల సంగతేమిటి?" అని ఎవరైనా అడగవచ్చు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వార్త దేశమంతా తిరిగింది. ఒక్కోటీ చిన్న చెంచాడు, 5 గ్రాములు, రుచి చూసినా 1,825 గ్రాములవుతుంది. ఏ అల్లుడి పొట్టా అంత మర్యాద భరించలేదు. అసలు విషయం వేరే ఉంది. ఒకే వంటకం మీద మొహం మొత్తినవాడికి కొత్తది కనబడితే ఆకలి మళ్లీ లేస్తుందని బార్బరా రోల్స్ తదితరులు 1980లలోనే ప్రయోగాలతో చూపారు. గారెలతో చాలించుకున్నవాడు బూరెలు రాగానే సర్దుకు కూర్చోవడం అందుకే. ఈ అభ్యంతరం ఒప్పుకోవాలి. ఇంకొకటి దీనికంటే గట్టిది. బరువు పనిచేసే మగవాడికి 3,470 కావాలి, కుర్చీలో కూర్చునేవాడికి 2,110. నాట్లూ కోతలూ చేసినవాళ్ల విందును మనం లిఫ్టులో దిగొచ్చి తింటున్నాం. పైగా 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో ఇళ్లలో తెల్లన్నమే పండగ. ఏడాది ఆకలికి ఒక రోజు జవాబుగా పుట్టిన విస్తరి ఇది, ఆకలి లేని ఇంట్లోనూ అదే కొలతతో పడుతోంది. నిజం. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత చెప్పుకుని ఆ రోజు నడకా ఎగ్గొడతాం. ఇక చక్కెర జబ్బు మాట. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. వాళ్లు లెక్క చూడొద్దా అంటే తప్పకుండా చూడాలి, చూస్తున్నారు కూడా. అయితే పంక్తిలో వాళ్లను గుర్తుపట్టడం కష్టం. ఒక బూరెను నలుగురికి పంచి, అన్నం తగ్గించి, కూర రెండోసారి వేయించుకుని, మాత్ర గుర్తుపెట్టుకుని లేచిపోతారు. నిజంగా లెక్క అవసరమైనవాళ్ల నోట అంకె వినపడదు.

చివరి అభ్యంతరమే నాకు బాగా అక్కరకొచ్చింది. 2000లో అమెరికాలో 195 మందిని తూచి చూసిన పరిశోధన ఒకటి ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా నడిచే పండగల కాలంలో వాళ్లు సగటున పెరిగింది 370 గ్రాములే. పెరిగామనుకున్నది అంతకు కొన్ని రెట్లు. అంతలో నిట్టూర్చకండి, ఆ కాస్తా ఏడాది తిరిగేసరికి కూడా దిగలేదు. కరణం దీన్ని చూపించి "చూశారా!" అంటాడు. చూశాం. ఆ 370 గ్రాములు ఒక విస్తరిలోంచి రాలేదు, వారాల తరబడి చేరాయి. మనకైతే ఆ వారాలన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉంటాయి. ముక్కనుమ దాటగానే పిల్లలు ఊళ్లకు పోతారు, మిగిలిన అరిసెలూ జంతికలూ డబ్బాలో పడి అటకెక్కుతాయి. సాయంత్రం టీతో ఒక అరిసె, నాలుగు జంతిక ముక్కలు, కలిపి 300 అనుకోండి. రోజూ తినే తిండి తగ్గించకుండా దానిమీద ఇరవై అయిదు రోజులు ఇలా సాగితే 7,500. పండగ నాడు నాలుగు విస్తళ్లు పెట్టినా కష్టమనుకున్న కిలో కొవ్వు ఇలా చప్పుడు లేకుండా సమకూరుతుంది. విచిత్రమేమంటే అప్పటికి కరణంగారి దస్తరం కట్టేసి ఉంటుంది. లెక్క వినడానికి పంక్తి లేదు, ఉలిక్కిపడడానికి పెద్దాయన లేడు, సవరించడానికి బావగారి విస్తరి లేదు. వినేవాళ్లు లేని అంకెలో ఆయనకు ఉప్పూ కారం ఉండవు. అందుకే రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు వేయకుండా, మూత చప్పుడు కాకుండా తీసి, నిండు అరిసెల జోలికి పోకుండా విరిగిన ముక్కలే ఏరుకుంటాడు. ముక్కలకు పద్దు లేదని ఆయన శాస్త్రం. ఆ ఇంట్లో అరిసెలు అంతగా ఎందుకు విరుగుతున్నాయో ఇల్లాలికి అంతుపట్టదు. పడకగది నుంచి అటక దాకా, మళ్లీ వెనక్కి నలభై అడుగులు. చేతివాచీ మాత్రం మెలకువగా ఉండి వాటిని లెక్కేసుకుంటుంది. ఆ నలభైని ఆయన పొద్దున్నే వ్యాయామం పద్దులో జమ చేసుకుంటాడు.