జరిమానా కట్టాం, భూమి మాదే

మాచర్ల దాటి వెల్దుర్తి వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్లు తేలిన బీళ్లు కనిపిస్తాయి. మేక కూడా ఆలోచించి అడుగు వేసే నేల. ఆ బీడులో ఒకచోట రేకుల షెడ్డు, చుట్టూ ఇనప కంచె, గేటుకు తాళం. లోపల పైరు లేదు, పశువు లేదు, మనిషి లేడు. ఎవరిదిది అంటే, "ఆయన ఇరవై ఏళ్ల నుంచి సాగు చేసుకుంటున్నాడండీ" అంటారు. ఏం సాగు అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. పల్నాట ఇప్పుడు నమ్మకంగా పండుతున్న పంట కంచె ఒక్కటే. దానికి సాగర్ నీళ్లక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, గులాబీ పురుగు పట్టదు.

ఇది మన సొంత తెలివి అనుకుంటే పొరపాటు. దీనికి అమెరికాలో తాతలున్నారు. 1862 మే 20న లింకన్ హోంస్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. 18 డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు రాయించుకో, ఇల్లు కట్టుకో, ఐదేళ్లు అక్కడే ఉండి దున్నుకో, తర్వాత నీదే పో అన్నారు. నిజంగా దున్నినవాళ్లు, మట్టిగడ్డలు పేర్చి గోడలు లేపినవాళ్లు, చలికి చచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లతో మనకు పేచీ లేదు. పేచీ వాళ్ల పక్కన నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్లతో. ఇల్లు పన్నెండు బై పద్నాలుగు ఉండాలన్నారు గానీ అడుగులో అంగుళాలో చెప్పలేదని, అంగుళాల లెక్కన బొమ్మరిల్లు కట్టి ప్రమాణం చేసిన ఘనుల కథలు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకొకడు ఇంటికి చక్రాలు బిగించి, ఈ వారం ఈ చేలో, వచ్చేవారం ఆ చేలో నిలబెట్టి అద్దెకిచ్చాడట. 1877లో ఎడారి భూముల చట్టం వచ్చింది. నీరు పారించినవాడికి 640 ఎకరాలు. ఒక బకెట్ నీళ్లు తెచ్చి గుమ్మరించి, "ఈ భూమికి నీరు పారడం నా కళ్లతో చూశాను" అని సాక్షి చేత చెప్పించారట.

నాకు ఆ బకెట్ మోసినవాడి మీద గౌరవం. అబద్ధమే, కానీ మోసుకొచ్చి చెప్పాడు. మనవాళ్లకు ఆ శ్రమ కూడా లేదు. మనకు బి-మెమో ఉంది.

తెలియనివాళ్లకు చెబుతాను. ప్రభుత్వ భూమిలో అడక్కుండా దిగడాన్ని మన రెవెన్యూ భాషలో శివాయి జమా అంటారు. 1905 నాటి ఆక్రమణల చట్టం ప్రకారం అలా దిగినవాడికి జరిమానా వేయాలి, ఆనక ఖాళీ చేయించాలి. మొదటి సగానికి బి-మెమో ఇస్తారు. రెండో సగం చట్టంలో ఉందన్న సంగతి దొరల తర్వాత ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఏటా జరిమానా, ఏటా రసీదు. ఇరవై రసీదులు పోగయ్యాక పెద్దమనిషి వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తహసీల్దారు ఎదుట కూర్చుంటాడు. "ఇరవై ఏళ్లుగా అనుభవంలో ఉన్నాను, ఇవిగో ఆధారాలు." పక్కింటి కోడిని పట్టుకున్నందుకు జరిమానా కట్టి, ఆ రసీదు చూపించి కోడి నాదేనంటే ఎలా ఉంటుంది? కోడి దగ్గర రాజ్యాలు తేల్చుకున్న సీమ కాబట్టి మనకు వింతగా అనిపించదేమో. బ్రహ్మనాయుడు పందెం ఓడి ఏడేళ్లు వలస పోయాడు గానీ రసీదు అడగలేదు.

ఇక్కడే నాకు కడుపు మండేది. ఇదే పల్నాడు 1921లో పుల్లరి కట్టనంది. అడవిలో పశువుల్ని మేపుకోవడానికి, పుల్ల ఏరుకోవడానికి సర్కారుకు పన్నేమిటని మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఎదురు తిరిగాడు. కట్టమని వచ్చిన ఉద్యోగుల్ని ఊళ్లకు ఊళ్లు వెలివేశాయి. 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు ఆయన ప్రాణం పోయింది. మేత మాది, పన్ను కట్టం అని చచ్చిపోయినవాడి సీమలో నూరేళ్లు తిరిగేసరికి జరిమానా వెయ్యండి బాబూ అని బతిమాలేవాళ్లు తయారయ్యారు. ఆయన విగ్రహానికి దండ వేసేవాళ్లలో ముందు వరస ఎవరిదో చూసుకోండి, నేను చెప్పను.

ఆ బి-మెమో కాగితమే గతైనవాళ్లూ ఉన్నారు. రాళ్లు ఏరి గట్టు పోసి, తుమ్మ నరికి, రెండెకరాలు కందికో మిరపకో తెచ్చుకున్న సుగాలీలు, చెంచులు, మాదిగపల్లె జనం. వాళ్ల చేతిలో బి-మెమో ఉంటే అది చెమటకు రసీదు. కానీ ఆఫీసులో ఆ కాగితమూ కంచె కాగితమూ ఒకే ఫైల్లో పడతాయి. తేడా కనిపెట్టాలంటే చేతులు పట్టుకుని కాయలు చూడాలి. ఆ కాలమ్ అడంగల్‌లో లేదు. అటవీ హక్కుల చట్టం కింద అడిగే చెంచు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ అక్కడున్నానని రుజువు చేసుకోవాలి. తాతల నుంచి అడవిలో ఉన్నవాడిని తేదీ అడుగుతారు. కంచె వేసినవాడిని మాత్రం "కాఫీ తాగుతారా" అని అడుగుతారు.

అమెరికాలో కూడా ఆ ఖాళీ భూమి నిజానికి ఖాళీ కాదు. 1887లో డావ్స్ చట్టం తెచ్చి అక్కడి ఆదివాసులకు తలా కొంత పంచి, మిగిలింది మిగులు అన్నారు. 1887లో వాళ్ల చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు దిగాయి. మిగులు అనే మాటకు ఎప్పుడూ ఎవరి కంచమో అడుగున ఉంటుంది.

ఇక డీ పట్టా సంగతి. 1954 జీవో ప్రకారం భూమిలేని పేదకు రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదెకరాల మెట్ట. వారసులకు పోతుంది, అమ్మడానికి లేదు. జొన్నకూడు తినలేక శ్రీనాథుడు చాటువులు చెప్పుకుని పోయాడంటారు, ఆ నేలకు 1967లో సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చాయి. అంతే, నిన్నటిదాకా చూపు తిప్పుకున్న నేల మీద అందరికీ ప్రేమ పుట్టింది. పేదవాడి కూతురి పెళ్లికి అప్పిచ్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని దిగినవాళ్లు కోకొల్లలు. 1977లో చట్టమే వచ్చింది, అమ్మినా చెల్లదు, కొన్నా చెల్లదు అని. కొన్నవాళ్లు కంగారు పడలేదు. చట్టం తమను వెతుక్కుంటూ వస్తుందని వాళ్లకు తెలుసు.

వచ్చింది. 2023లో సవరణ చేశారు. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అసలు లబ్ధిదారుకో వారసులకో పూర్తి హక్కు. పేదవాడికి స్వేచ్ఛ వచ్చిందని ఉపన్యాసాలు ఇచ్చారు. స్వేచ్ఛ వచ్చిన పేదవాడిని వెతికి, కారు పంపి, టిఫిన్ పెట్టించి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కించినవాళ్లు ఎవరో కూడా ఉపన్యాసాల్లో చెప్పి ఉంటే బావుండేది. పోయేటప్పుడు ఏసీ కారు, వచ్చేటప్పుడు ఆర్టీసీ బస్సు. 2024లో ప్రభుత్వం మారి, ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అంది. కంచెకు విచారణ అంటే భయం లేదు. అది ఇప్పటికి ఎన్ని ప్రభుత్వాల్ని చూసిందని!

1889 ఏప్రిల్ 22న ఓక్లహోమాలో మధ్యాహ్నం పన్నెండింటికి తుపాకీ పేలిస్తే జనం గుర్రాల మీద భూమి కోసం పరుగెత్తారు. తీరా చూస్తే మంచి చెలకల్లో ముందురోజు రాత్రే దూరి దాక్కున్నవాళ్లున్నారు. వాళ్లను సూనర్లు అని తిట్టారు. ఇవాళ అదే ఆ రాష్ట్రానికి ముద్దుపేరు, అక్కడి విశ్వవిద్యాలయం జట్లకూ అదే పేరు. మనం ఇంకా అంత ఎదగలేదు. మనవాళ్లను "రైతు సోదరుడు" అంటున్నాం.

వెల్దుర్తి రోడ్డు మీద ఆ కంచె పక్కన మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఒకాయన కనిపించాడు. మేత ఎక్కడ అని అడిగాను. "అటు ఫారెస్టోళ్లు రానియ్యరు, ఇటు ఈయన రానియ్యడు" అన్నాడు. కాసేపు నడిచి, కర్ర భుజాన వేసుకుని, నవ్వుతూ అన్నాడు. "పుల్లరి కడతామన్నా ఇప్పుడు తీసుకునేవాడు లేడు బాబూ."