సరంజామా శూరుడు

మా మేనల్లుడు ఏది కొట్టాలన్నా ముందు కొట్టుకు వెళతాడు. చిన్నప్పుడు తెనాలిలో మా వీధి పిల్లలు కొబ్బరి మట్టతో క్రికెట్ ఆడుతుంటే, వీడు వాళ్ళ నాన్న ప్రాణం తీసి ప్యాడ్లు, గ్లవ్సు, హెల్మెట్టు కొనిపించుకున్నాడు. అవన్నీ కట్టుకుని బయటికొచ్చేసరికి పొద్దుగూకి ఆట అయిపోయేది. మర్నాడు మళ్ళీ కట్టుకునేవాడు. మొత్తం మీద ఆ ఏడాది వాడు ఎన్ని బంతులు ఎదుర్కొన్నాడో గానీ, ప్యాడ్ల బకిల్సు మాత్రం రెండుసార్లు అరిగిపోయాయి.

పెద్దయ్యాక తిరుమల కొండెక్కుతానని మొక్కుకున్నాడు. అలిపిరి దారిలో 3550 మెట్లు. దానికోసం హిమాలయాలకి వెళ్ళేవాళ్ళు తొడిగే బూట్లు, రెండు చేతికర్రలు, వీపున గొట్టమున్న నీళ్ళ సంచీ తెచ్చుకున్నాడు. గాలిగోపురం ఇంకా ఎక్కడో ఉండగానే కూలబడ్డాడు. ఒట్టి కాళ్ళతో, మెట్టు మెట్టుకీ వంగి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వచ్చిన ఓ ముసలావిడ వీణ్ణి దాటిపోతూ, ఆ కర్రలు చూసి, "కాలు బాగుచేయమని మొక్కుకున్నావా నాయనా?" అని జాలిపడి కాస్త బెల్లం ముక్క చేతిలో పెట్టి వెళ్ళింది.

ఈ జాతి మనుషులు ఇంటికొకరుంటారు. వంకాయ తరగడం రాకముందే జపాను కత్తులు తెప్పిస్తారు. పాట నేర్చుకుందామనుకున్న వారానికే ఇంట్లో శ్రుతిపెట్టెలు రెండుంటాయి, సరళీ స్వరాలు మాత్రం ఉండవు. వీళ్ళు బద్ధకస్తులని జనం అనుకుంటారు గానీ, నా ఉద్దేశంలో అది కాదు. ఏ విద్యకైనా మొదటిరోజున నలుగురి ముందూ నగుబాటు తప్పదు. సామాను కొంటున్నంతసేపూ ఆ బాధ లేదు కదా!

మావాడు డాలస్ చేరి పద్నాలుగేళ్ళయింది. ఇల్లు కట్టించుకున్నాడు, కార్లు రెండున్నాయి, రెండూ ఎండలోనే ఉంటాయి. గ్యారేజీలో చోటు లేదు. అక్కడ గ్రహాలు చూసే దుర్భిణి, పడవ లేకుండా పడవ తెడ్లు, తువ్వాళ్ళు ఆరేసుకునే ట్రెడ్‌మిల్లు ఉన్నాయి. మొన్న నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి ఆ గుంపులోకి ఓ ఉక్కు బీరువా వచ్చి చేరింది. అందులో తుపాకీ.

"పాయింట్ 22 రైఫిల్, మావయ్యా. రూగర్ 10/22. 1964 నుంచీ చేస్తున్నారు. శనివారం నిన్ను రేంజికి తీసుకెళతా."

"నువ్వెన్నిసార్లు వెళ్ళావురా?"

"ఇంకా వెళ్ళలేదు. సామాన్లు మొన్ననే పూర్తిగా వచ్చాయి."

వెళ్ళడానికి ముందు ఇంకో తంతు ఉంది. గ్రీన్ కార్డు రాకుండా వీసా మీదున్న పరాయి దేశస్తుడు అమెరికాలో తుపాకీగానీ తూటాగానీ చేతబట్టడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాగితం మీద గీసిన వృత్తాల్ని కొట్టడానికైనా సరే. మినహాయింపులు కొన్నున్నాయి, అందులో చేతికందేది వేట లైసెన్సు. అంటే, కాగితాన్ని కాల్చాలంటే లేడిని కాల్చే అనుమతి ఉండాలన్నమాట. మావాడు కేకు ముక్క ఇస్తే గుడ్డు కలిపారా అని అడిగే మనిషి. ఇంట్లో బొద్దింక కనబడితే వాళ్ళావిణ్ణి పిలుస్తాడు. అలాంటివాడు టెక్సాస్ రాష్ట్రంలో అధికారిక వేటగాడు! ఆ లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో సరి. వాడికి గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో ఆ భగవంతుడికే ఎరుక గానీ, జింకల్ని చంపే హక్కు మాత్రం ఏటేటా వస్తూనే ఉంది.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు అక్కడ వేటగాళ్ళ పాఠాలు కూడా చదవాలి. మావాడు శ్రద్ధగా చదివి పరీక్ష రాసి, తుపాకీతో ముళ్ళకంచె ఎలా దాటాలో నేర్చుకున్నాడు. లైసెన్సు నాకూ కావాలి గానీ, వయసు కలిసొచ్చి ఆ చదువు తప్పింది. లైసెన్సు చేతికొచ్చినప్పుడు మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "ఇది పట్టుకుని ఊళ్ళో ఎవరికీ చెప్పకండి" అంది.

శనివారం పొద్దున్నే పులిహోర పొట్లాలతో బయల్దేరాం. గంటన్నర ప్రయాణం. ఊరవతల మైదానం, పొడుగ్గా రేకుల పందిరి, దానికింద వరసగా సిమెంటు బల్లలు, ఎదురుగా 100 గజాల దూరంలో కాగితాలు అంటించే చెక్క చట్రాలు, వాటివెనక తాటిచెట్టంత మట్టికట్ట. ఎవరైనా డబ్బు కట్టి కాల్చుకోవచ్చు. జనం జీన్సు ప్యాంట్లతో, పాత టోపీలతో మామూలుగా వచ్చారు. తాతగారూ మనవరాలూ వచ్చారు. మావాడు నాలుగు చక్రాల తోపుడుబండి లాక్కుంటూ వచ్చాడు. తిరునాళ్ళలో కొట్టు పెట్టడానికి వచ్చామేమో అనిపించింది.

ఆ బండిలోంచి ఏమేం దిగాయో చెప్పాలంటే కట్నం సామాను జాబితా రాసినట్టుంటుంది. ఇసుక సంచులు, ముక్కాలిపీట, గాలి వేగం కొలిచే బుల్లి పంఖా, మూడు కాళ్ళ మీద నిలబడే స్పాటింగ్ స్కోపు. దూరాన కాగితం మీద తూటా ఎక్కడ పడిందో చూడ్డానికి అది. చెవులకి ఎలక్ట్రానిక్ మఫ్‌లు. రైఫిల్ పేలితే చప్పుడు 140 డెసిబెల్స్ చుట్టుపక్కల మొదలవుతుంది, పెద్ద తుపాకులైతే 150 దాటిపోతుంది. చెవులు మూసుకోకపోతే ఒక్కరోజులో చెవుడు కొనితెచ్చుకోవచ్చు. మావాడి మఫ్‌లు పేలుడుని ఆపి, మెల్లని మాటల్ని మాత్రం పెంచి వినిపిస్తాయి. దాంతో పక్కబల్ల దగ్గర తన బండి గురించి ఏమనుకుంటున్నారో కూడా వాడికి స్పష్టంగా వినబడింది. నాకిచ్చినవి నురగ బిరడాలు. నేను హాయిగా ఉన్నాను.

నారింజ రంగు కోటు తొడుక్కున్న రేంజి ఆఫీసరమ్మ మైకులో, "లైన్ ఈజ్ హాట్" అంటే కాల్చుకోవచ్చు. "సీజ్ ఫైర్" అంటే ఎక్కడివాళ్ళక్కడ ఆపి, తుపాకీ ఖాళీ చేసి, తూటా గది తెరిచిపెట్టి, అందులో రంగు ప్లాస్టిక్ పుల్ల గుచ్చి, పసుపు గీత వెనక్కి వచ్చేయాలి. ఆపైన లైను "కోల్డ్". జనం వెళ్ళి కాగితాలు మార్చుకు వస్తారు. చల్లగా ఉన్నంతసేపూ ఎవడూ తుపాకీ మీద చెయ్యి వేయకూడదు. పెళ్ళిళ్ళలోనూ ఇంత క్రమశిక్షణ ఉంటే ముహూర్తానికి తాళి కట్టించొచ్చు.

మొదటిసారి లైను వేడెక్కినప్పుడు మావాడు ఇసుక సంచులు సర్దుతున్నాడు. రెండోసారి వేడెక్కినప్పుడు గాలి కొలుస్తున్నాడు. మూడోసారి ఫోన్లో లెక్క వేస్తున్నాడు. 50 గజాలకి సరిచూసిన పాయింట్ 22 తూటా 100 గజాలు చేరేలోపు అరడజను అంగుళాలు కిందికి జారుతుందట, ఆ మేరకు ఎత్తి గురిపెట్టాలట. లెక్క తేలి తుపాకీ అందుకోబోయేసరికి లైను చల్లారింది. అది చూసుకోకుండా వీడు తుపాకీ మీది టెలిస్కోపు మర తిప్పబోయాడు. "సార్! చేతులు!" అని మైకు గర్జించింది. పందిరి మొత్తం మావైపు తిరిగింది. నేను పులిహోర పొట్లం విప్పుతూ వీడెవరో తెలియనట్టు కూర్చున్నాను.

ఆ ఖాళీలో కిందికి చూశాను. బల్లల కింద ఇత్తడి తూటా గొట్టాలు జల్లెడ పట్టొచ్చు, అన్ని. ఓ కుర్రాడు చీపురుతో ఊడ్చి బకెట్లో పోస్తున్నాడు. నాకు గుండె చివుక్కుమంది. గుంటూరు కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు మాకూ పాయింట్ 22 రైఫిలే. బోర్లా పడుకుని కాల్చడానికి మనిషికి ఐదు తూటాలు. కాల్చాక ఖాళీ గొట్టాలు, వాటిని 'ఖోకా'లనేవాళ్ళు, ఐదుకి ఐదూ లెక్క అప్పజెప్పాలి. ఓసారి ఒక్క ఖోకా తగ్గింది. మాకు కాల్చడం నేర్పే ఉస్తాద్‌జీ ముప్పైమందినీ వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి గడ్డి వెతికించాడు. మధ్యాహ్నం భోజనం లేదు. సాయంత్రం దొరికింది, ఉస్తాద్‌జీ ప్యాంటు మడతలోనే. ఆ కళ్ళతో ఇక్కడ బకెట్లు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మా పక్కబల్ల దగ్గర ఓ ముసలాయన. ఆయన సామాను ఒక పాత బోల్టు రైఫిలూ, చుట్టల డబ్బాలో ఐదు తూటాలూ, మడతపెట్టిన తువ్వాలూ. ఆ తూటా పేరు .30-06, థర్టీ ఆట్ సిక్స్ అంటారు, 1906లో అమెరికా సైన్యం పుచ్చుకున్న కొలత. ఆయన కూర్చున్నాడు, ఊపిరి వదిలాడు, పేల్చాడు. నా నురగ బిరడాలు దాటి ఆ చప్పుడు ఎదురొమ్ములో తగిలింది. రెండు నిమిషాలాగి ఇంకోటి. అలా అన్నీ. అంతే.

పదకొండున్నరకి, ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మని పొడిచినట్టు, మావాడు తొలి తూటా పేల్చాడు. పేల్చి నావైపు తిరిగిన ఆ మొహం మాత్రం నాకు నచ్చింది. ప్యాడ్లు కట్టుకున్నప్పటి తొమ్మిదేళ్ళ మొహం. మ్యాగజీన్లో పదీ కాల్చాడు. తరవాత నన్ను కూర్చోబెట్టాడు. నేను టెలిస్కోపులో కన్నుపెట్టి, ఉస్తాద్‌జీని తలుచుకుని, ఊపిరి బిగబట్టి, ఐదు కొట్టాను.

మావాడు స్పాటింగ్ స్కోపులోంచి చూసి కేకేశాడు. "మావయ్యా, ఐదు దెబ్బలు! పదిరూపాయల బిళ్ళంత చోట! చూడు, చూడు!" చూశాను. నిజమే, నడిబొడ్డున ముద్దగా ఉన్నాయి. నలభై ఏళ్ళ తరవాత కూడా గురి తప్పలేదని మీసం మీద చెయ్యి పోయింది. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. ఫొటో తీసుకుని వాట్సాప్‌లో ఊరికి కూడా పంపించాం.

లైను చల్లారాక నడుచుకుంటూ వెళ్ళాం. మా చట్రం మీద కాగితానికి మూడే బొక్కలు. ఒకటి మూల, ఒకటి అంచున, ఒకటి కాగితం కంపెనీ పేరు మీద.

పక్క చట్రం ముందు ముసలాయన నిలబడి తల గోక్కుంటున్నాడు. ఆయన కాగితం నడిబొడ్డున పెన్సిలు పట్టేంత బొక్కలు ఐదు, బిళ్ళంత చోట. వాటిచుట్టూ పెన్సిలు కూడా పట్టని చిన్న బొక్కలు, ఒకటి పైన, ఒకటి కింద, చెల్లాచెదురుగా ఏడు. స్కోపు మొదటినుంచీ ఆయన కాగితం వైపే ఉందన్నమాట. రైఫిలు కూడా.

"పెద్దవి ఐదూ నావి" అన్నాడాయన ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. "చిన్నవి తమవేమో తీసుకోండి." కాగితం ఊడదీసి మావాడి చేతిలో పెట్టాడు.

మావాడు అది చట్రం కట్టించి గ్యారేజీలో తగిలించాడు. ఆ ఏడింటిలో వాడివెన్నో నావెన్నో తేల్చే సాధనం ఇంకా కొట్లలోకి రాలేదు. వచ్చినా వాడి చెవిన పడకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.