రామగుండం మూసేద్దాం, రండి

రామగుండం ఎన్టీపీసీలో 2,600 మెగావాట్ల కోసం వ్యాగన్ల కొద్దీ సింగరేణి బొగ్గు బూడిద చేస్తున్నారు. పాపం, వాళ్లకు హత్నూర దాకా వచ్చి చూసే తీరిక లేనట్టుంది. ఇక్కడ కరెంటు స్కూటర్‌కి పాత మారుతీ డైనమో, ఒక బెల్టు, ఒక బ్యాటరీ ఉంటే చాలట. బ్యాటరీ మోటారును తిప్పుతుంది, మోటారు డైనమోను తిప్పుతుంది, డైనమో మళ్లీ బ్యాటరీని నింపుతుంది. "అన్నా, గిది పెట్టినంక ఛార్జింగ్ ముచ్చటే ఉండది" అని సెల్‌ఫోన్ వీడియోలో బల్ల గుద్ది మరీ చెబుతున్నారు.

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి బండి మీద ఊరికొచ్చే కుర్రాళ్లు నమ్మారంటే వాళ్లననేం లాభం? పెట్రోలు లీటరు వంద దాటింది, ఆశ పుడుతుంది. కానీ అదే దారిలో రామచంద్రాపురంలో భెల్ ఉంది. దశాబ్దాలుగా టర్బైన్లు, జనరేటర్లు తయారు చేస్తూ, జనరేటర్ తిరగాలంటే ఏదో ఒక శక్తి తిప్పాలన్న మూఢనమ్మకంలోనే బతుకుతున్నారు అక్కడి ఇంజనీర్లు. ఎవరైనా వెళ్లి కళ్లు తెరిపిస్తే పుణ్యం.

వీడియోలో గారడీ ఎక్కడుందో చూడండి. చూపించే డైనమో ఖాళీగా తిరుగుతుంటుంది. రోటర్ చుట్టకు కరెంటు అందక, బయట లోడు లేక, అది బేరింగుల మీద తిరిగే చక్రం మాత్రమే. చిటికెన వేలితో తిప్పినా తిరుగుతుంది. చుట్టకు కరెంటిచ్చి దానికి 60 వాట్ల హెడ్‌లైట్ ఒకటి తగిలించండి, మోటారు గొంతు మారుతుంది. రెండోది తగిలిస్తే మూలుగుతుంది. నాలుగోది తగిలించేలోపు వీడియో అయిపోతుంది. ఎంత కరెంటు లాగితే తిప్పే చేతికి అంత బిగుసుకుంటుందని 1834లోనే భౌతిక శాస్త్రవేత్త లెంజ్ చెప్పాడు. ఆయన చెప్పింది హత్నూర మండలానికి వర్తించదని జీవో ఏదైనా వచ్చిందేమో తెలీదు.

లెక్క కూడా చూద్దాం. బ్యాటరీ నుంచి 100 వాట్లు తీస్తే మంచి మోటారు 80 చేతికిస్తుంది. మామూలు కారు డైనమో 60 శాతం దగ్గర ఆగుతుంది, అంటే 48. బ్యాటరీ నింపడంలో పోయేది వేరు. ఇంతా చేసి చక్రానికి ఒక్క వాటు కూడా ముట్టలేదు! కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకుంటూ, సగం దారిలో పారేసుకుంటూ, రాత్రికి వడ్డీ లెక్కపెట్టుకోవడమన్నమాట. బ్రేకు వేసినప్పుడు కొంత తిరిగొచ్చే మాట నిజమే. అది ముందే ఖర్చయినదాంట్లో మిగిలిన చిల్లర. రిజిస్ట్రేషన్ అక్కర్లేని 250 వాట్ల స్కూటర్‌కి 800 వాట్ల డైనమో బిగించి, "ఇప్పుడు ఇంకా పవర్ వస్తది" అన్నవాళ్లకు మాత్రం ఏ లెక్కా పనికిరాదు, దండమే గతి. ఇలాంటి నిత్యచలన యంత్రాల అర్జీలు ఇక ముట్టుకునేది లేదని ప్యారిస్‌లోని శాస్త్ర అకాడమీ 1775లోనే తేల్చేసింది. వాళ్లకేం, వాట్సాప్ లేదు.

పాత మారుతీ ఇంజన్ చుట్టూ పైపులు వెల్డింగ్ చేసి సొంత కారు కట్టే ఇంజనీరింగ్ కుర్రాళ్లది ఇంకో రకం జబ్బు. వీళ్లు ఊరికే కరెంటు రమ్మనరు; చిన్న డైనమో డబ్బాలో పెద్ద ఆంపియర్ కావాలంటారు. హెడ్‌లైట్లు రెండు, రేడియేటర్ ఫ్యాను, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ అన్నీ కలిపినా 14 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు చాలు. వీళ్లకు మాత్రం 120 కావాలి. ఎందుకయ్యా అంటే వెనక సీటు నిండా సౌండ్ బాక్సులు! 120 ఆంపియర్లు నిండా లాగితే దాదాపు 1,700 వాట్లు. డైనమో మింగేది కలిపితే మూడున్నర హార్స్‌పవర్ పైమాటే. 796 సీసీ ఇంజన్ ఇచ్చేది 37. పదో వంతు డీజే పాటకే పోయింది.

పైగా డైనమో స్టిక్కరు మీది ఆ 120 అంకె అది నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పటిది. సంగారెడ్డి చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగితే పుల్లీ దగ్గర 2,000 కూడా ఉండవు, అప్పుడొచ్చేది అందులో సగమైనా ఉంటుందో లేదో. చిన్న డబ్బాను తీసుకెళ్లి సైలెన్సర్ గొట్టం పక్కన ఇరికిస్తే వేడికి ఇంకా తగ్గుతుంది. పుల్లీ సైజెంత, బెల్టు ఎంత చుట్టుకుంటుంది, గాలి ఎటునుంచి తగులుతుంది అని అడిగినవాణ్ణి "పాతకాలపు మేస్త్రి" అంటారు. ఆ మేస్త్రి మాటే వినండి. కారుకు నంబరు ప్లేటు ఎలా వస్తుందన్నది వేరే కథ, ఆర్టీఓ ఆఫీసులో చెబుతారు.

ఛార్జింగే అక్కర్లేని బండి కొనబోయేవాళ్లకు ఒక్క మనవి. అమ్మేవాడు తాళంచెవితో పాటు ఒక ఛార్జర్ కూడా చేతిలో పెడతాడు. డబ్బులిచ్చే ముందు అదెందుకో అడగండి.