రాత్రి తొమ్మిదింటి కాల్

మా రోజుల్లో ఆఫీసు పని ఆఫీసులోనే ఉండేది. 1980ల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో చేరిన మాకు పనంటే డ్రాయింగులు, ఫైళ్ళు, బల్ల మీద ఫోను. అవేవీ కారెక్కి ఇంటికొచ్చేవి కావు. అయిదు దాటగానే బయల్దేరితే ఆరున్నరకల్లా ఫార్మింగ్టన్ హిల్స్‌లో పిల్లలతో కలిసి అన్నానికి కూర్చునేవాళ్ళం. ఇంటికి ఫోనొచ్చిందంటే ప్లాంటులో లైను ఆగిపోయిందనే అర్థం. లేఆఫుల భయం మాకూ ఉండేది. అయినా రాత్రిళ్ళు కూడా పనిచెయ్యమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా అబ్బాయింట్లో పై గదే ఆఫీసు. పొద్దున ఏడున్నరకి హైదరాబాద్ టీముతో మొదలు. సాయంత్రం పప్పన్నం కలుపుకుంటున్నా చెవిలో ఇయర్‌ఫోన్ ఉండాల్సిందే. మనవరాలు బళ్ళో గీసిన బొమ్మ పట్టుకొచ్చి పక్కన నిలబడుతుంది. వాడు మ్యూట్ నొక్కి "ఒక్క నిమిషం తల్లీ" అంటాడు. ఆ నిమిషం ఎప్పటికీ అవదు. చూసి చూసి అది బొమ్మ నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ కాల్. వేసవిలో అప్పుడు హైదరాబాద్‌లో పొద్దున ఆరున్నర. అక్కడ ఇంకో తల్లి బిడ్డకి జడ వేస్తూ అదే కాల్‌లో ఉంటుంది. ఒక్క మీటింగుకి రెండిళ్ళు చెడుతున్నాయి.

కుదరదని చెప్పొచ్చు కదా అంటారేమో. హెచ్1బి వీసా మీద ఉన్న పిల్లలకి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మహా అయితే 60 రోజుల గడువు. ఎలా చెబుతారు?

నాకు కడుపు మండేది ఎక్కడంటే, వారానికి అయిదు రోజులు, 40 గంటల పనిని ఫోర్డ్ 1926లో తన ఫ్యాక్టరీల్లో పెట్టింది ఈ డెట్రాయిట్ ప్రాంతంలోనే. 1940 నుంచి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలని దేశమంతటికీ చట్టం. జీతగాళ్ళయిన ప్రోగ్రామర్లకీ ఇంజినీర్లకీ అది చాలావరకు వర్తించదు. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పని వేళలయ్యాక ఫోను పక్కనపెట్టే హక్కుంది. ఇక్కడ లేదు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మేనేజర్లయిన మన పిల్లలకే చెబుతున్నా. ఈ తొమ్మిదింటి కాల్ పెట్టేది చాలాసార్లు మీరే, అవతల ఎత్తేదీ మనవాళ్ళే. పొద్దున ఏడున్నర కాల్ ఒక్కటి ఉంచుకోండి. అప్పుడు వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం అయిదే. రాత్రిది ఈ వారమే తీసెయ్యండి.