డ్రైవరుకి హక్కు, మాస్టారికి శాలువా

ఏప్రిల్ రాగానే కొల్లేరు చెరువు గట్ల మీద ఇన్‌షర్టు వేసుకుని, మెడలో ట్యాగు, సంచిలో రంగురంగుల కరపత్రాలతో మోటారు సైకిలు నడిపించుకుంటూ ఒక మనిషి కనిపిస్తాడు. ఊరికి కొత్తవాళ్ళు మేత కంపెనీ ఏజెంటు అనుకుంటారు. ఆయన ఇంగ్లీషు మాస్టారు. చెప్పినన్ని అడ్మిషన్లు తెస్తే జూన్‌లో పాఠం చెబుతాడు, తేలేకపోతే వచ్చే ఏడు ఇంకో బడి కరపత్రాలతో ఇదే గట్టు మీదకి వస్తాడు.

ఆకివీడు అవతల ఓ చెరువులో, నీళ్ళలో పాతిన కర్రలకి చిల్లుల సంచులు కట్టించి తవుడు మేత పెట్టిస్తున్న ఆసామి అటు తిరక్కుండానే అడిగాడు.

"మీకు వేసవి సెలవులుండవాండీ మాస్టారూ?"

"పిల్లలకుంటాయండీ."

"మరి జీతమో?"

"ఆయ్, దానికీ సెలవులేనండి."

ఆసామికి నవ్వొచ్చినట్టు లేదు. చేపకి సెలవులుండవు కాబట్టి కాపలా కుర్రాడికి ఆయన పన్నెండు నెలలూ జీతం ఇస్తున్నాడు. ఆ కుర్రాడికి ఇంగ్లీషు రాదు. అది వాడి అదృష్టం.

ఈ దేశంలో బడి అనేది గుడా, పరిశ్రమా అన్న సందేహం 1978లోనే తీరింది. బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుని, విద్యాసంస్థ కూడా పరిశ్రమేనన్నారు. పరిశ్రమ అన్నాక కార్మికులుండాలి కదా. బస్సు డ్రైవరున్నాడు, అటెండరున్నాడు, ఫీజు పుస్తకం రాసే గుమాస్తా ఉన్నాడు. వీళ్ళంతా కార్మికులే. టీచరో? ఈ ప్రశ్న గోవాలో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక టీచరమ్మ ద్వారా మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1988లో జవాబొచ్చింది. పాఠం చెప్పడం ఒళ్ళు వంచి చేసే పనీ కాదు, గుమాస్తా పనీ కాదు. అదొక పవిత్రమైన వృత్తి. కాబట్టి అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాడన్నారు. రాతకోతల పని ఏదైనా ఉంటే అది పాఠానికి తోకలాంటిదట.

ఆ తోక ఇప్పుడెంత పెరిగిందో ధర్మాసనానికి ఎవరైనా కొలిచి చూపిస్తే బాగుండును. పొద్దున్నే బస్సులో పిల్లల్ని ఎక్కించడం, ఫీజు కట్టనివాళ్ళ ఇళ్ళకి ఫోన్లు, హోంవర్క్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం, ఆదివారం సర్వే. మధ్యలో తీరికుంటే వర్డ్స్‌వర్త్. నా లెక్కన మాస్టారు ఏప్రిల్, మే నెలల్లో కార్మికుడు, జూన్ నుంచి గురువు. జీతం మాత్రం గురువుగా ఉన్న నెలలకే ఇస్తారు.

తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. టీచర్ల తగాదాలు తీర్చడానికి చాలా రాష్ట్రాల్లో వేరే చట్టాలున్నాయి, గోవా కూడా చేసుకోవాలన్నారు. మనకి అప్పటికే 1982 నాటి విద్యాచట్టం ఉంది. ప్రైవేటు బడిలో టీచర్ని విచారణ లేకుండా తీసెయ్యకూడదని అందులో శుభ్రంగా రాసుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ తీసెయ్యరు కూడా. "రేపట్నుంచి రెస్టు తీసుకోండి సార్" అంటారు, అంతే. తీసెయ్యాలంటే ముందు వేసుకున్నట్టు కాగితం ఉండాలి. నియామకపు ఉత్తర్వు అనే వస్తువుని పెళ్ళి సంబంధం కోసం కూడా చూపించలేని మాస్టార్లు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎంతమందైనా దొరుకుతారు.

కాగితం అసలే దొరకదా అంటే, దొరికే రోజొకటుంది. తూర్పు-పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానానికి ఎన్నికొచ్చినప్పుడు. ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో పోవడంతో 2024 డిసెంబరులో ఉప ఎన్నిక జరిగింది. ఆరేళ్ళలో కనీసం మూడేళ్ళు హైస్కూలుకి తగ్గని స్థాయిలో పాఠం చెప్పినవాళ్ళకి ఓటుంటుంది, ప్రైవేటువాళ్ళకి కూడా. ఆ ముక్క బడి పెద్ద సంతకంతో రావాలి. పదేళ్ళు బతిమాలినా సర్వీసు సర్టిఫికెట్టివ్వని బడి కూడా ఆ సీజన్లో కట్టలకి కట్టలు సంతకాలు పెడుతుంది. ఓటు హక్కు కూడా కరస్పాండెంటు గారి పెన్నులోంచే దిగాలి.

ఊరి మాస్టారి సంగతి ఇదైతే, ఇప్పుడు మన విదేశీ టీచర్ల సంగతి. లండన్ దొరలెవరూ తాడేపల్లిగూడెం రారు గాని, మనకి కేరళ ఉంది. "కేరళ టీచర్లచే ఆంగ్ల బోధన" అని ఫ్లెక్సీ లేకపోతే ఒకప్పుడు ఇంగ్లీషు మీడియం బడికి పరువుండేది కాదు. బొకారో ఎక్స్‌ప్రెస్ దిగిన టీచరమ్మకి బడి మేడ మీద ఓ గది ఇస్తారు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంటు గారి బీరువాలో భద్రంగా ఉంటాయి, మార్చి దాకా. మధ్యలో మానేస్తానంటే బీరువా తాళం కనపడదు. కింద స్టాఫ్‌రూములో మనవాళ్ళు "వాళ్ళకి మనకంటే ఎక్కువిస్తున్నారట" అని గొణుక్కుంటారు. మేడ మీద వాళ్ళు "వీళ్ళకి సాయంత్రం ఇల్లుంది, మనకి ట్యూషనుంది" అనుకుంటారు. ఇద్దరికీ చెరో జీతం చెప్పిన పెద్దమనిషి ఏసీ గదిలో హాయిగా ఉంటాడు.

దీంట్లో తమాషా ఏమిటంటే, ఆ టీచరమ్మ ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో చూడండి. 1957లో అక్కడ విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి, ఎయిడెడ్ బడుల టీచర్లకి జీతం యాజమాన్యం చేతిమీదుగా కాకుండా ప్రభుత్వమే నేరుగా ఇచ్చేలా బిల్లు తెచ్చాడు. దాని మీద రేగిన గొడవ ముదిరి, 1959 జూలై 31న ప్రభుత్వమే పోయింది. టీచరు జీతం కోసం ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయిన రాష్ట్రం నుంచి వచ్చి, మన దగ్గర నెలాఖరున ఆఫీసు గది బయట నిలబడి "సార్, శాలరీ" అని మెల్లిగా అడుగుతుంది.

ఇంతకంటే కొల్లేరు పక్షి పని నయం. 1999లో దానికి అభయారణ్యం ప్రకటించారు, 2002లో రాంసార్ గుర్తింపూ వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వలసొచ్చిన పిట్ట మీద చెయ్యేస్తే కేసు. అది ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడెళ్ళిపోతుంది, దాని కాగితాలు ఏ బీరువాలోనూ ఉండవు.

బయట దేశాల్లో ఏదో ఒరగబెట్టారని కాదు. మన మాస్టార్లు కొల్లేటి లంకల్లో బతుకు గడవక మాల్దీవుల లంకలకీ, ఇథియోపియాకీ వెళ్ళి ఇంగ్లీషు చెబుతూనే ఉన్నారు. బీరువా అన్ని దేశాల్లోనూ ఉంది. జపాన్‌లో నోవా అనే ఇంగ్లీషు బళ్ళ గొలుసు 2007 అక్టోబరులో దివాలా తీస్తే, వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డారు. పాఠం చెబితే భోజనం పెట్టండని వాళ్ళ సంఘం పిలుపిచ్చింది. వారాలు చేసుకుని చదువుకున్న పిల్లల కథలు మనకి తెలుసు, వారాలు చేసుకుని చదువు చెప్పింది మాత్రం వాళ్ళే. అమెరికాలో లూసియానా బళ్ళకి ఫిలిప్పీన్స్ నుంచి సుమారు 350 మందిని తెచ్చిన ఏజెన్సీ, ఒక్కొక్కరి దగ్గర పదహారు వేల డాలర్ల దాకా గుంజింది. అమెరికన్ టీచర్ల సంఘం వాళ్ళ వెనక నిలబడింది. 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్లు ఇప్పించింది. అక్కడి స్టాఫ్‌రూములో కూడా గొణుక్కునేవాళ్ళు ఉండే ఉంటారు. అయినా సంఘం ఉంది.

మన దగ్గర సంఘానికి కనీసం ఏడుగురుండాలంటుంది చట్టం. 1926 నుంచీ ఆ అంకె అదే. ఏడుగురికేం, ఒక్కో బడిలో నలభైమంది ఉన్నారు. ఆ నలభైమందికీ వాట్సాప్ గ్రూపు కూడా ఉంది, అడ్మిన్ కరస్పాండెంటు గారు. సెప్టెంబరు 5న ఆయనే అందరికీ దండం బొమ్మ పెడతారు, మధ్యాహ్నం స్టేజీ మీద శాలువా కప్పుతారు. గ్రాట్యుటీ అనే మాట ఆ గ్రూపులో ఎవరూ టైపు చెయ్యరు. టీచర్లకి గ్రాట్యుటీ వర్తించదని 2004లో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు 2009లో చట్టం దిద్దింది, 2022లో కోర్టు దాన్ని సమర్థించింది. ఐదేళ్ళు నిండితే వస్తుంది. ఏటా ఏప్రిల్‌లో పేరు కొట్టేసి జూన్‌లో కొత్తగా రాసుకుంటే ఐదేళ్ళు ఎప్పటికి నిండాలి?

మన ఇంగ్లీషు మాస్టారు ఇదంతా బడి బస్సు ముందు సీట్లో కూర్చుని డ్రైవరుతో వాపోయాడట. డ్రైవరుకి సంఘం ఉంది, సంఘానికి జెండా ఉంది, జీతం బకాయి పడితే బస్సు తీయననే ధైర్యమూ ఉంది.

"మా యూనియన్లోకి వచ్చెయ్యండి మాస్టారూ."

"చట్టం ఒప్పుకోదయ్యా. నేను గురువునట."

"గురువని ఎవరు రాస్తారండీ? క్లీనరని రాస్తాం. రోజూ బస్సు తలుపు తీసేది మీరే కదా."

మాస్టారు కాసేపు ఆలోచించాడు.

"క్లీనరుకి మే నెల జీతం ఇస్తారా?"

"ఎందుకివ్వరండీ!"

పేరు ఇంగ్లీషులో రాయాలా, తెలుగులో రాయాలా అని అడిగాడట.