బేరం తెలిసినవారు కావలెను

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో కందిపప్పు బస్తా దగ్గర నాలుగు రూపాయలు తగ్గించేదాకా మన రైల్వే కాలనీ అత్తయ్యలు కదలరు. ఛత్తీస్‌గఢ్ సర్కారుకూ జనం జేబు మీద జాలి ఉంది. 2021 అక్టోబరు 20న ధన్వంతరి జనరిక్ మందుల దుకాణాలు తెరిచి, ఎమ్మార్పీలో సగానికి పైగా కోసింది. భేష్!

తీరా తన కొనుగోళ్ల దగ్గరికొచ్చేసరికో? ఎనిమిదిన్నర రూపాయలకు దొరికే రక్తపరీక్ష గొట్టాన్ని రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్‌కు 2,352 రూపాయలకు అంటగట్టారని 2025లో ఏసీబీ కేసు. అదీ ఒక్కోటి! మూతకు బంగారుపూత పూశారు కాబోలు.

అయ్యా అధికారులూ, ఈసారి టెండరు తెరిచేముందు మా అత్తయ్యల్లో ఒకరిని వెంటబెట్టుకెళ్లండి. ఆటో ఖర్చు మేమే పెట్టుకుంటాం.